ఒకే కథ, చెప్పేవాళ్లు ఇద్దరు: టీనేజ్ నవలలో రెండు గొంతులు

అందరికీ నమస్కారం.

టీనేజ్ పాఠకుల కోసం రాసే నవలలో ఒకే కథని ఇద్దరి చేత చెప్పించడం ఎలా అన్నది ఇవాళ్టి విషయం. ఒక చాప్టర్ ఆమెది, తర్వాతది అతనిది. చూడ్డానికి తేలిగ్గానే ఉంటుంది. ఒకే మనిషి మనసులో కూర్చుని మూడు వందల పేజీలు రాయడం కంటే మార్చి మార్చి రాయడం హాయి కదా అనిపిస్తుంది. అలా మొదలుపెట్టిన నవలలు చాలా వరకు పదో చాప్టర్ దగ్గర ఆగిపోతాయి. కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే. రెండో గొంతుకి చెప్పడానికి ఏమీ మిగలదు. మొదటివాళ్లు చెప్పేసిందే మళ్లీ చెబుతూ, మధ్యమధ్యలో "నాకు చాలా బాధేసింది" అని కలుపుతూ కాలక్షేపం చేస్తుంది.

అందుకని నేను పట్టుకుని మాట్లాడేది ఒక్క విషయం. ఇద్దరు చెప్పే నవలలో అసలు కథ నడిచేది ఆ ఇద్దరికీ తెలిసినవాటి మధ్య ఉన్న తేడాలో. ఆమెకి తెలిసింది అతనికి తెలియదు, అతనికి తెలిసింది ఆమెకి తెలియదు, చదివేవాళ్లకి రెండూ తెలుసు. ఆ తేడా ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ పెరుగుతుంది, ఎక్కడ పూడుతుంది అన్నదే ప్లాట్. భాష, శైలి, సంభాషణ అన్నీ దాని తర్వాతే.

ఒక ఉదాహరణ చూద్దాం. వెండెలిన్ వాన్ డ్రానెన్ 2001లో రాసిన 'ఫ్లిప్డ్' నవలలో బ్రైస్ అనే అబ్బాయి, జూలీ అనే అమ్మాయి. ఎదురెదురు ఇళ్లు. ఒక చాప్టర్ అతను చెబుతాడు, అవే సంఘటనలు తర్వాతి చాప్టర్‌లో ఆమె చెబుతుంది. జూలీ పెరట్లో కోళ్లు పెంచుతూ, గుడ్లు తీసుకెళ్లి బ్రైస్ వాళ్లింట్లో ఇస్తూ ఉంటుంది. ఆ గుడ్లు తింటే జబ్బు చేస్తుందేమోనని వాళ్లకి భయం. వద్దని మొహం మీద చెప్పే ధైర్యం బ్రైస్‌కి లేదు. చెయ్యి చాచి తీసుకుంటాడు, చెత్తలో పడేస్తాడు. ఆ సంగతి అతని చాప్టర్‌లోనే మనకి తెలిసిపోయింది. ఇప్పుడు జూలీ చాప్టర్ తెరుస్తాం. ఆ గుడ్లు ఇవ్వడంలో ఆమెకున్న సంతోషం చదువుతుంటే మనకి గుండెలో కలుక్కుమంటుంది. అప్పటికి ఆమె బాధపడుతున్నానని ఒక్క ముక్క అనలేదు. బాధ మనది, ఎందుకంటే మనకి తెలుసు, ఆమెకి తెలియదు. ఒకే గొంతుతో రాసిన నవలలో ఈ పని చేయించడం చాలా కష్టం. ఇద్దరున్నప్పుడు అది ఊరికే వస్తుంది, చాప్టర్ల వరస సరిగ్గా పెడితే. ఆ వరస తిప్పేసి చూడండి. జూలీ ముందు, బ్రైస్ తర్వాత అయితే గుడ్లు పడేయడం ఒక దెబ్బలా తగులుతుంది, అంతే. ఆమె సంతోషాన్ని చదువుతున్నప్పుడు మనకి కలిగే ఆ ఇబ్బంది ఉండదు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది మీరు ప్రతి జంట చాప్టర్లకీ విడిగా తేల్చుకోవాల్సిన విషయం.

టీనేజ్ నవలకి ఈ పద్ధతి ఎందుకు అంత నప్పుతుందంటే, ఆ వయసులో మనిషికి ఎదుటివాళ్లకీ ఒక లోపలి బతుకు ఉంటుందని అప్పుడప్పుడే తెలుస్తుంటుంది. తన మీద తనకే ఇంకా పట్టు దొరకని వయసు. క్లాసులో పక్కన కూర్చున్న అమ్మాయి ఎందుకు మాట్లాడటం మానేసిందో తెలియక నెలల తరబడి నలిగిపోయే పిల్లలకి, ఆ అమ్మాయి వైపు నుంచి ఒక చాప్టర్ చదివే అవకాశం ఇవ్వడం చిన్న విషయం కాదు. దీన్ని నేను చాలా గట్టిగా నమ్ముతాను.

సరే, మొదటి పని. మీ కథకి రెండో గొంతు నిజంగా కావాలా? దీనికి ఒక పరీక్ష ఉంది. రెండో మనిషి చాప్టర్లన్నీ పక్కన పెట్టేసి, అవి లేకపోతే పాఠకుడికి ఏం పోతుందో ఒక కాగితం మీద రాయండి. రాసినవి "అతనికీ ఆమె అంటే ఇష్టమే", "అతనూ భయపడ్డాడు" లాంటివే అయితే రెండో గొంతు అక్కర్లేదు. మొదటి మనిషి కళ్లతోనే ఆ ముక్క చూపించొచ్చు. రాసినవి "ఆ రాత్రి అతను ఎక్కడికి వెళ్లాడు", "ఉత్తరం చించింది ఎవరు" లాంటివైతే, అంటే ఆమె ఎంత తెలివైనదైనా చూడటానికి వీల్లేనివైతే, రెండో గొంతు కావాలి. అలాంటివి కనీసం నాలుగైదు ఉండాలి. ఒక్కటే ఉంటే అది నవలంతా మోయదు, దానికి ఒక ఉత్తరమో ఒక సంభాషణో చాలు.

కావాలి అని తేలాక, ఏ రకమో చూసుకోవాలి. 'ఫ్లిప్డ్' లాగా జరిగిందాన్నే రెండుసార్లు చెప్పడం ఒకటి. అన్నిటిలోకీ కష్టమైంది అదే. రెండోది, కథ ముందుకే వెళ్తూ ఒకరి తర్వాత ఒకరు అందుకోవడం. మాలరీ బ్లాక్‌మన్ 'నాట్స్ అండ్ క్రాసెస్'లో సెఫీ, కాలమ్ ఇలాగే మార్చి మార్చి చెబుతారు. మూడోది, వేరువేరుగా మొదలైన ఇద్దరి దారులు ఒకచోట కలవడం. జాన్ గ్రీన్, డేవిడ్ లెవిథన్ కలిసి 2010లో తెచ్చిన 'విల్ గ్రేసన్, విల్ గ్రేసన్'లో ఒకే పేరున్న ఇద్దరు కుర్రాళ్లు అలా ఎదురుపడతారు. ఇంకొకటి, సగం పుస్తకం ఒకరు చెప్పి, మిగతాది ఇంకొకరు చెప్పడం. ఎలిజబెత్ వైన్ రాసిన 'కోడ్ నేమ్ వెరిటీ' రెండో ప్రపంచయుద్ధం కథ. మొదటి భాగం పట్టుబడిన అమ్మాయి శత్రువుల కోసం రాస్తున్న వాంగ్మూలం, రెండో భాగం ఆమె స్నేహితురాలు రాసుకున్నది. రెండో భాగం చదివాక మొదటి భాగానికి అర్థమే మారిపోతుంది. అంతకంటే చెప్పను, చదవనివాళ్లకి అన్యాయం చేసినట్టవుతుంది.

మొదటిసారి రాసేవాళ్లు రెండో రకంతో మొదలుపెట్టమంటాను. కథ ముందుకి వెళ్తూ ఉంటుంది, మధ్యలో ఓ నాలుగైదు కీలకమైన సన్నివేశాలు మాత్రమే ఇద్దరి వైపు నుంచీ వస్తాయి. మొత్తం సన్నివేశాల్లో ఐదో వంతు కంటే ఎక్కువ రెండుసార్లు చెప్పకండి. 60,000 మాటల నవల అనుకుందాం. ఒక్కో చాప్టర్ 2,000 మాటలైతే 30 చాప్టర్లు, ఒక్కొక్కరికి 15. చాప్టర్‌కి రెండు సన్నివేశాల చొప్పున అరవై. అందులో రెండుసార్లు వచ్చేవి పన్నెండు దాటితే పాఠకుడు పేజీలు దాటేయడం మొదలుపెడతాడు.

ఇప్పుడు అసలు పనిముట్టు. ఒక పట్టిక గీసుకోండి. అడ్డంగా ఒక్కో సన్నివేశానికి ఒక వరస. నిలువుగా గళ్లు: సన్నివేశం సంఖ్య, తేదీ, గంట, ఎవరు చెబుతున్నారు, ఈ సన్నివేశం అయ్యేసరికి ఆమెకి ఏం తెలుసు, అతనికి ఏం తెలుసు, పాఠకుడికి ఏం తెలుసు. చివర ఇంకో గడి పెట్టండి: ఆమె తప్పుగా నమ్ముతున్నది ఏంటి, అతను తప్పుగా నమ్ముతున్నది ఏంటి. ఈ చివరి గడిని చాలామంది వదిలేస్తారు. నిజానికి పాత్రలు చేసే పనులన్నీ అక్కడి నుంచే పుడతాయి. మనిషి తనకి తెలిసినదాన్ని బట్టి నడుచుకుంటాడు, అందులో సగం తప్పై ఉంటుంది.

పట్టిక పూర్తయ్యాక మూడు విషయాలు చూడండి. ఏదైనా చాప్టర్ అయ్యాక పాఠకుడి గడిలో కొత్తగా ఏమీ చేరకపోతే ఆ చాప్టర్ తీసేయండి, ఎంత బాగా రాసినా సరే. ఆమె గడీ అతని గడీ ఒకటైపోయిన చోట కథ అయిపోయినట్టే. అది ముప్పై చాప్టర్లలో పంతొమ్మిదో దాని దగ్గరే జరిగిపోతే మిగతా పదకొండు చాప్టర్లు ఈడ్చుకుంటూ నడుస్తాయి. ఆమె ఏదైనా సంగతి తెలిసినట్టు మాట్లాడుతుంటే, అది ఆమె గడిలోకి ఎప్పుడు వచ్చిందో వెనక్కి వెళ్లి వెతకండి. రెండు గొంతుల నవలల్లో తరచుగా దొర్లే పొరపాటు ఇదే. రాసేవాళ్లకి ఇద్దరి మనసులూ తెలుసు కాబట్టి, అతని చాప్టర్‌లో రాసిన రహస్యం ఆమె చాప్టర్‌లోకి కారిపోతుంది.

ఇంకో ప్రమాదం ఉంది. పాఠకుడికి నిజం తెలిసిపోయి చాలాసేపైతే, "వీళ్లిద్దరూ ఒకసారి కూర్చుని మాట్లాడుకుంటే అయిపోతుంది కదా" అని విసుగొస్తుంది. ఆ విసుగు న్యాయమైనదే. ఒక్క వాక్యంతో తొలగిపోయే అపార్థాన్ని మూడు చాప్టర్లకి మించి సాగదీయకండి. సాగాలంటే, ఆ వాక్యం నోట్లోంచి రాకపోవడానికి బలమైన కారణం ఉండాలి, ఆ కారణాన్ని పాఠకుడు కళ్లారా చూసి ఉండాలి. ఇంకెవరికో ఇచ్చిన మాట, ఇంట్లో తెలిస్తే వచ్చే ప్రమాదం, చెబితే మూడో మనిషికి జరిగే నష్టం, ఇలాంటివి నిలుస్తాయి. ఫోన్ కలవలేదు, తలుపు దాకా వచ్చి మొహమాటపడి వెళ్లిపోయాడు, ఇవి ఒక్కసారికి సరిపోతాయి, రెండోసారికి నిలవవు.

ఒక సన్నివేశాన్ని దగ్గరగా చూద్దాం. నిత్య, చరణ్ ఒకే క్లాసు. నిత్య నోట్సు చరణ్ దగ్గర ఉంది. మర్నాడు పరీక్ష. ముందు నిత్య చెబుతుంది:

"లైబ్రరీ గోడ గడియారంలో నాలుగూ పది. వస్తానన్నది నాలుగింటికి. నాలుగూ పదకొండుకి చరణ్ గుమ్మం దగ్గర కనిపించాడు, నన్ను చూశాడు, చూసి కూడా వెనక్కి తిరిగాడు, అంటే నోట్సు తేలేదన్నమాట, అంటే రేపు నేనేం రాస్తానో వాడికి అక్కర్లేదన్నమాట. లేచి గట్టిగానే పిలిచాను, చరణ్ అని. వినిపించనట్టే మెట్లు దిగిపోయాడు."

ఇక చరణ్:

"సంచి అడుగున తడి. చెయ్యి పెట్టి చూస్తే అట్ట మెత్తబడిపోయింది. పదిహేనో పేజీ నుంచి సిరా అంతా పాకేసింది. నీళ్ల సీసా మూత సరిగ్గా బిగించలేదు. నేనే. అయినా గుమ్మం దాకా వెళ్లాను. కిటికీ పక్కన కూర్చుంది. ముందర తెల్లకాగితాలు, పెన్ను మూత తీసి ఉంది. చరణ్ అంది. రవి దగ్గర ఇవే నోట్స్ ఉంటాయి. వాళ్లిల్లు దూరం. పరిగెత్తాను."

ఏం జరిగిందో గమనించండి. రెండింట్లోనూ కలిసిన మాట ఒక్కటే, "చరణ్" అన్న ఆ పిలుపు. అదొక్కటి ఉంటే చాలు, ఇది అదే క్షణమని పాఠకుడు గుర్తుపడతాడు. సంభాషణ మొత్తం మళ్లీ రాయనక్కర్లేదు. రెండు మూడు వాక్యాలు యథాతథంగా వస్తే ఎక్కువ. రెండో కథనం మొదటిది మొదలైన చోట మొదలవలేదు, కాస్త ముందు, సంచి దగ్గర మొదలైంది. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన పద్ధతి. రెండోసారి చెప్పేటప్పుడు ఎప్పుడూ వేరే చోట మొదలుపెట్టండి, కాస్త ముందో, కాస్త తర్వాతో. అదే గుమ్మం, అదే గంట నుంచి మళ్లీ మొదలుపెడితే పాఠకుడికి ఇదంతా తెలుసన్న భావన వచ్చేస్తుంది.

ఇంకా చూడండి. నిత్య వాక్యం పొడుగ్గా సాగుతూ "అంటే... అంటే..." అని ఒక ఊహ మీద ఇంకో ఊహ పేరుస్తుంది. ఆమె ఆలోచించే తీరే అది. ఆ తీరే ఆమెని తప్పు నిర్ణయానికి తీసుకెళ్లింది. చరణ్ ముక్కలు ముక్కలుగా చెబుతాడు, వస్తువులు చూస్తాడు, తడి, అట్ట, పెన్ను మూత. సిగ్గుపడ్డానని అనలేదు. "నేనే" అన్న ఒక్క మాటలో ఉంది అది. నిత్యకి చరణ్ వినిపించుకోలేదనిపించింది. అతనికి వినిపించింది. ఇప్పుడు పట్టికలో మూడు గళ్లూ మూడు రకాలుగా ఉన్నాయి. రాత్రి అతను నోట్సు తెచ్చేసరికి ఆమె ఏ నిర్ణయం తీసేసుకుని ఉంటుందన్నది తర్వాతి సన్నివేశం.

ఇలాంటి జంట సన్నివేశాలకి వాస్తవాల పట్టీ ఒకటి ఉండాలి. గడియారం ఏ గోడకి ఉంది, గుమ్మం నుంచి కిటికీ కనిపిస్తుందా, ఎవరు ఏ రంగు వేసుకున్నారు, వాన పడుతోందా. గది బొమ్మ గీసుకుని బల్లలు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోండి. ఇద్దరికీ అర్థాలు వేరు కావొచ్చు, ఊహలు వేరు కావొచ్చు, కానీ కిటికీ ఉత్తరాన ఉంటే ఇద్దరికీ ఉత్తరానే ఉండాలి. ఒకవేళ ఇద్దరూ ఒకే మాటని వేరువేరుగా గుర్తుపెట్టుకున్నారని చూపించదలిస్తే, ఆ తేడా పెద్దదిగా ఉండాలి, తర్వాత కథలో దానికి పని ఉండాలి. "రేపు" అన్నాడా "తర్వాత" అన్నాడా అన్న చిన్న తేడా పెడితే పాఠకుడు దాన్ని మీ పొరపాటు అనుకుంటాడు.

గొంతుల సంగతికి వద్దాం. ఇక్కడ కాసేపు ఆగాలి. ఎక్కువ రాతప్రతులు దెబ్బతినేది ఇక్కడే. వెరోనికా రాత్ రాసిన 'డైవర్జెంట్' సిరీస్‌లో మొదటి రెండు పుస్తకాలూ ఒకే అమ్మాయి చెబుతుంది. 2013లో వచ్చిన మూడోదానిలో, 'అలీజియంట్'లో, ఆమెతో పాటు అబ్బాయి కూడా చెప్పడం మొదలుపెడతాడు. చదువుతున్నది ఎవరి చాప్టరో తెలియక మళ్లీ మొదటి పేజీకి వెళ్లి చూసుకోవాల్సి వచ్చిందని చాలామంది పాఠకులు ఫిర్యాదు చేశారు. పేరున్న రచయితలకే వచ్చిన చిక్కు మనకి రాదనుకోకూడదు.

గొంతు వేరు చేయడానికి ఊతపదాలు తగిలించడం పనికిరాదు. ఒకడి చేత ప్రతి వాక్యం చివర "తెలుసా" అనిపిస్తే మూడో పేజీకి చిరాకు పుడుతుంది. 'విల్ గ్రేసన్'లో ఒక కుర్రాడి చాప్టర్లన్నీ ఇంగ్లిషు చిన్న అక్షరాలతోనే అచ్చయ్యాయి. వాక్యం మొదట్లో కూడా పెద్ద అక్షరం ఉండదు. చూడగానే ఎవరి చాప్టరో తెలుస్తుంది. మన లిపిలో ఆ దారి లేదు. మనం వాక్యంతోనే చేయాలి. ఆ మనిషి గదిలోకి రాగానే ముందు ఏం చూస్తాడు, మనుషుల్నా వస్తువుల్నా? వాక్యం ఎంత పొడుగు? ఏ విషయం దగ్గరికి వచ్చేసరికి మాట మార్చేస్తాడు? జరిగినదాన్ని వరసగా చెబుతాడా, ముందుకీ వెనక్కీ దూకుతాడా? ఎదుటివాళ్లని ఏమని పిలుస్తాడు? ఈ ప్రశ్నలకి ఒక్కొక్కరికి అరపేజీ జవాబు రాసుకుని గోడకి అంటించుకోండి. వీటన్నిటిలోకీ బలమైంది మూడోది. తండ్రి ప్రస్తావన వచ్చినప్పుడల్లా వాతావరణం గురించి మాట్లాడే పిల్లవాడి గొంతుని పాఠకుడు మర్చిపోడు.

తెలుగులో రాసేవాళ్లకి ఒక వరం, ఒక చిక్కు ఉన్నాయి. వరం సర్వనామాలు. నిత్య మొదట్లో చరణ్‌ని "వాడు" అంటోంది. కోపం వచ్చాక "అతను" అనడం మొదలుపెడితే ఆ దూరం గురించి వేరే వాక్యం రాయక్కర్లేదు. ఏ చాప్టర్‌లో ఎవరు ఎవర్ని వాడు, అతను, ఆయన, తను అంటారో పట్టికలో ఇంకో గడి పెట్టి రాసుకోండి, లేకపోతే చేతికొచ్చినట్టు మారిపోతూ ఉంటాయి. చిక్కు ఏంటంటే, మన ఉత్తమ పురుష క్రియలో ఆడా మగా తేడా లేదు. "వెళ్లాను, చూశాను" అంటే చెప్పేది ఎవరైనా కావొచ్చు. అందుకని చాప్టర్ మీద పేరు పెట్టినా సరే, మొదటి రెండు మూడు వాక్యాల్లో ఎవరు చెబుతున్నారో తెలిసే గుర్తు ఒకటి పడాలి. చాప్టర్ పైన పేరు చదవకుండా దాటేసే పాఠకులు చాలామంది.

మాండలికం గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇద్దరిలో ఒకరికి మాండలికం, ఇంకొకరికి పుస్తకాల భాష ఇచ్చేస్తే గొంతులు వేరవుతాయి, నిజమే. కానీ మాండలికం ఎప్పుడూ పేద పాత్రకే, చదువు తక్కువున్న పాత్రకే వెళ్తుంటే ఆ పాత్ర వింత వస్తువైపోతుంది. ఇస్తే ఇద్దరికీ వాళ్లవాళ్ల మాట ఇవ్వండి. లేదా ఇద్దరికీ వాడుక భాషే ఉంచి తేడాని ఆలోచనలో చూపించండి.

గొంతులు వేరయ్యాయో లేదో తెలుసుకోవడానికి, ఒక్కొక్కరి చాప్టర్ల మధ్య నుంచి ఐదేసి పేరాలు తీయండి. పేర్లు కొట్టేయండి. కలిపేసి, నవల చదవని మనిషికి ఇచ్చి రెండు కుప్పలుగా వేరు చేయమనండి. పదిలో ఎనిమిది సరిగ్గా వస్తే ముందుకి వెళ్లండి. ఐదో ఆరో వస్తే అది ఊహించి చెప్పినదానికంటే మెరుగు కాదు, మళ్లీ మొదటికి రావాలి.

రాసే వరస గురించి తరచూ అడుగుతారు. మొదటి ఆరు చాప్టర్లూ పుస్తకంలో ఉండే వరసలోనే రాయండి, అందుకోవడం ఎలా ఉంటుందో చేతికి తెలుస్తుంది. తర్వాత ఒకరి చాప్టర్లు నాలుగైదు వరసగా రాసేయొచ్చు, గొంతు పట్టు తప్పకుండా ఉంటుంది. రెండో డ్రాఫ్ట్‌కి ఇద్దరివీ రెండు ఫైళ్లుగా విడదీసి, ఒక్కో ఫైలు మొదటి నుంచి చివరిదాకా చదవండి. అతని ఫైలు మాత్రమే చదివితే అతనికంటూ ఒక కోరిక, ఒక అడ్డంకి, ఒక మార్పు కనిపించాలి. కనిపించకపోతే అతను ఆమె కథకి సమాచారం మోసే మనిషిగా మిగిలిపోయాడన్నమాట. పేజీలు సరిసమానంగా ఉండాలని లేదు, ఒకరికి 55 పాళ్లు, ఇంకొకరికి 45 ఉన్నా ఇబ్బంది లేదు. 80, 20 అయితే మాత్రం రెండోవాళ్ల చాప్టర్ వచ్చినప్పుడల్లా పాఠకుడు ఎప్పుడు అయిపోతుందా అని చూస్తాడు.

పాఠకుడు పుస్తకం మూసేసే మొదటి చోటు మొదటి మార్పిడి. ఇప్పుడిప్పుడే ఒక మనిషికి అలవాటు పడ్డాడు, మీరు ఆ మనిషిని లాగేసి కొత్త మనిషిని కూర్చోబెట్టారు. అందుకని రెండో మనిషి మొదటి చాప్టర్ చిన్నదిగా, 1,200 మాటల్లో ఉంచండి. మొదటి పేరాలోనే పాఠకుడికి తెలిసిన వస్తువో మనిషో తగలాలి. కొత్త కుటుంబం, కొత్త స్నేహితులు, కొత్త ఊరు, అన్నీ ఒకేసారి పరిచయం చేయకండి.

ఎక్కడ మార్చాలి? ప్రతి చాప్టర్‌నీ ఉత్కంఠ దగ్గర తెంపేయడం ఒక జబ్బులా పాకింది. తలుపు తెరుచుకుంది, ఆపేశారు. ఇంకో మనిషి దగ్గరికి వెళ్తే అక్కడ పొద్దున లేచి పళ్లు తోముకుంటున్నాడు. పాఠకుడికి కోపం రాకేమవుతుంది? ఆ క్షణంలో ఎవరికి ఎక్కువ నష్టం జరగబోతోందో వాళ్ల దగ్గరికి వెళ్లండి. ఆమె ఒక మాట అనేసింది. ఆ మాట అతనికి ఎలా తగిలిందో తెలుసుకోవాలని పాఠకుడికి ఉంటుంది. అప్పుడు మారిస్తే అది ఆటంకం కాదు, కోరుకున్నదే. ఒక చాప్టర్‌లో లేవనెత్తిన ప్రశ్నకి తర్వాతి చాప్టర్‌లో కొంతైనా జవాబు దొరకాలి. కాలం వెనక్కి వెళ్తుంటే మొదటి వాక్యంలోనే చెప్పేయండి, "అంతకు రెండు రోజుల ముందు" అని. అందులో నామోషీ లేదు.

ఒకటి విడిచి ఒకటి అన్న నియమాన్ని చివరిదాకా పాటించి తీరాలని లేదు. కానీ మొదటి ఎనిమిది చాప్టర్లు పాటించండి, పాఠకుడికి లయ అలవాటు కావాలి. అలవాటయ్యాక తప్పితే ఆ తప్పడమే ఒక వార్త అవుతుంది. అతని చాప్టర్ రావాల్సిన చోట మళ్లీ ఆమె చాప్టరే వస్తే, అతనికి ఏమైందని పాఠకుడు మీరు చెప్పకుండానే భయపడతాడు. నవల మొత్తంలో ఇది ఒక్కసారి వాడండి.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే సంగతి. ఇద్దరికీ చెరిసగం పేజీలు ఇచ్చినంత మాత్రాన ఇద్దరి మాటకీ సమానమైన న్యాయం ఉందని కాదు. జేసన్ రెనాల్డ్స్, బ్రెండన్ కైలీ 2015లో రాసిన 'ఆల్ అమెరికన్ బాయ్స్' ఇందుకు చదవాలి. రషాద్ అనే నల్లజాతి కుర్రాణ్ణి ఒక తెల్ల పోలీసు ఏ తప్పూ లేకుండా కొడతాడు. క్విన్ అనే తెల్లజాతి కుర్రాడు అది చూస్తాడు. ఆ పోలీసు క్విన్ స్నేహితుడి అన్న, తండ్రి లేని క్విన్‌కి పెద్దదిక్కులాంటివాడు. రషాద్ చాప్టర్లు రెనాల్డ్స్‌వి, క్విన్ చాప్టర్లు కైలీవి. ఇక్కడ రెండో గొంతు పోలీసుది కాదన్నది గమనించాలి. రెండో గొంతు చూసి కూడా నోరు మెదపని కుర్రాడిది. పుస్తకం "రెండు వైపులా తప్పుంది" అనదు. తప్పు ఎవరిదో మొదట్లోనే తేలిపోయింది. తెలిసినవాడు ఏం చేస్తాడన్నదే క్విన్ కథ.

మీ నవలలో ఒకరు ఇంకొకర్ని వేధిస్తుంటే, వేధించేవాడికి గొంతు ఇవ్వాలనుకుంటే, ఇవ్వండి. వాడు తనకి తాను ఏం చెప్పుకుంటున్నాడో చూపించండి. కానీ వాడు చేసినదాని ఫలితం వేధింపు పడ్డ పిల్ల చాప్టర్‌లో పూర్తిగా, ఆమె ఒంటి మీద, ఆమె రోజు మీద కనిపించాలి. ఆమె చాప్టర్ ముగిసిన వెంటనే వాడి చిన్ననాటి కష్టాలు పెట్టకండి. ఆ వరస చదివే పదిహేనేళ్ల పిల్లకి మీరు చెప్పేది, నీ బాధ కంటే వాడి కారణం ముఖ్యం అని. ఆ మధ్యలో కనీసం ఒక చాప్టర్ దూరం ఉంచండి, లేదా అసలు తీసేయండి.

చివరి చాప్టర్ ఎవరికి? ఇంకా ఏదో ఒకటి తేల్చుకోవాల్సి ఉన్నవాళ్లకి. ఎక్కువ మారినవాళ్లకి ఇవ్వాలని అంటుంటారు, కానీ మారిపోయిన మనిషి చెప్పడానికి ఏమీ ఉండదు, తన మార్పుని వివరించడం తప్ప. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని నిజాలన్నీ విప్పుకునే సన్నివేశం కూడా వీలైనంత చిన్నగా ఉంచండి. అందులో వాళ్లు చెప్పుకునేవన్నీ పాఠకుడికి ముందే తెలుసు. అక్కడ పాఠకుడు ఎదురుచూసేది సమాచారం కోసం కాదు, విన్నప్పటి మొహం కోసం. ఒక పేజీ చాలు. ఆ పేజీ ఎవరు చెప్పాలంటే, వినేవాళ్లు కాదు, ఎదుటి మొహాన్ని చూడగలిగినవాళ్లు, అంటే నిజం బయటపెడుతున్నవాళ్లు.

ఇప్పుడు కాగితాలు తీయండి. ఐదు నిమిషాల్లో అయిపోయే సంఘటన ఒకటి ఎంచుకోండి, ఇద్దరు టీనేజ్ పిల్లలు, ఒక గది, ఒక వస్తువు. ముందు పట్టికలో ఆ ఒక్క వరస నింపండి, తప్పుగా నమ్ముతున్న గడితో సహా. తర్వాత ఒకరి వైపు నుంచి 150 మాటలు. తర్వాత రెండోవాళ్ల వైపు నుంచి 150, వేరే చోట మొదలుపెట్టి. కలిసే సంభాషణ ఒకే ఒక్క వాక్యం. పేర్లు రాయకండి, రాశాక పక్కవాళ్లకిచ్చి ఎవరిది ఏదో అడుగుదాం. అరగంట టైముంది, మొదలుపెట్టండి.